సుడిగాలి పోయిన దారి వెంట నన్ను నడిపించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాయంత్రం నన్ను మీ ముందు నిలబెట్టి నా నోరు తెరవనిచ్చిన ప్రభువుకు స్తోత్రం. నోరు తెరవనిచ్చిన అని ఊరికే అనడం లేదు. మా పాలెం వాళ్లకు తెలుసు గాని, దూరపు ఊళ్ల నుంచి ఈ కూటానికి వచ్చిన మీకు తెలియదు. ఇప్పుడు మైకు ఇస్తే వదలదని పేరు పడ్డ ఈ కరుణమ్మ ఒకప్పుడు ఏడాదికి పైగా ఒక్క మాట మాట్లాడలేదు, ఆకలి అనలేదు, దాహం అనలేదు, మట్టిగోడ వైపు తిరిగి నులకమంచం మీద పడి ఉంది. ఆ చీకటిలో నుంచి దేవుడు నన్ను ఎలా లేపాడో చెబుతాను. చెప్పేటప్పుడు మధ్యమధ్య నాకే ఆశ్చర్యం వేసి ఆగిపోతాను, ఓర్చుకోండి.

నా మొదటి బిడ్డ ఆడపిల్ల. గ్రేసు అని పేరు పెట్టుకున్నాం. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆపి, తల వెనక్కి వాల్చి, నా ముఖంలోకి ఏదో అడగబోతున్నట్టు చూసేది. వానాకాలం జ్వరం వచ్చింది, వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి, బండి కట్టుకుని చుట్టూ తిరిగి చిలకలూరిపేట చేరేసరికి నా ఒళ్లోనే చల్లబడిపోయింది. ఇంతకంటే చెప్పలేను సహోదరులారా, మీలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు చెప్పక్కర్లేదు.

నేను ఏడవలేదు. అదే అందరికీ భయం వేసింది. సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుంటే ఆడవాళ్లంతా ఏడుస్తుంటే నేను మాత్రం రాయిలా నిలబడ్డాను, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను, అంతే, మాట పోయింది.

దానికి ముందు నేను ఎలాంటి మనిషినో చెబితే గాని ఇది మీకు అర్థం కాదు. నేను పుట్టుకతోనే ప్రశ్నల పిల్లని. సండేస్కూల్లో టీచరమ్మ ఓడ కథ చెబుతుంటే, "ఓడలోకి చెదపురుగులు కూడా ఎక్కాయా టీచరమ్మా? ఎక్కితే ఓడను తినెయ్యలేదా?" అని అడిగేదాన్ని. పిల్లలంతా నవ్వేవాళ్లు, టీచరమ్మ నన్ను బయట నిలబెట్టేది, బయట నిలబడి చీమలు ఎటు పోతున్నాయో చూసుకునేదాన్ని. పెళ్లై ఈ పాలెం వచ్చాక కూడా బుద్ధి మారలేదు. మా పొలాలన్నీ నల్లరేగడి, ఒకవైపు మిరప, ఒకవైపు పత్తి, వాగు అవతల పొగాకు. కోటయ్య గారి పత్తిచేలో తీతకు పోయినప్పుడు, పత్తికాయ పగిలేటప్పుడు చప్పుడవుతుందా, అయితే ఎవరైనా విన్నారా అని అడిగితే, తోటి కూలీలు "దీనికి చేతుల కంటే నోరెక్కువ" అనేవాళ్లు. కోటయ్య గారి భార్య రత్తమ్మ గారు మాత్రం గట్టు మీద నిలబడి, "ఏమే కరుణా, ఇవాళ ఏం ప్రశ్న మోసుకొచ్చావే?" అని తానే అడిగి మరీ వినేవారు. వాళ్లు హిందువులు, ఊళ్లో పెద్ద రైతులు, మేము పాలెం వాళ్లం, అయినా ఆవిడకు నా ప్రశ్నలంటే సరదా.

బిడ్డతో పాటు ఆ ప్రశ్నలు కూడా పోయాయి. దుఃఖంలో ఉన్నవాళ్లు "దేవా, నాకే ఎందుకిలా?" అని అడుగుతారంటారు. నేను అదైనా అడగలేదు. అడగాలంటే జవాబు కావాలనే ఆశ కొంచెమైనా ఉండాలి గదా! తెల్లారిందా అని లేదు, పొద్దుగూకిందా అని లేదు, పక్కింట్లో ఎవరు అరుస్తున్నారని లేదు. చావు కోరుకోలేదు, బతుకూ కోరుకోలేదు. నా చీకటి అలాంటిది సహోదరులారా.

దీనికి గాలి సోకిందన్నారు కొందరు. తాయెత్తు కట్టే మనిషిని తీసుకొస్తామని నా పెనిమిటి ఏసుపాదం తరఫు బంధువులు బయలుదేరారు. మా అత్త సువార్తమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నా కోడలికి సోకింది గాలి కాదురా, దుఃఖం. దుఃఖానికి తాయెత్తు ఎక్కడ కడతారో చూపించండి, కట్టిస్తా" అంది. వాళ్లు వెనక్కి పోయారు. ఏసుపాదం నన్ను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరు గారు మంచాయన, బిళ్లలు రాసి, "ఇది మనసుకు తగిలిన దెబ్బ, మానడానికి టైము పడుతుంది, ఆ అమ్మాయిని ఒంటరిగా మాత్రం వదలకండి" అన్నాడట. ఆ ఒక్క మాటే మా అత్త పట్టుకుంది. కూలికి పోవడం మానేసింది. నా మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, బియ్యం చెరుగుతూ, గోంగూర వలుస్తూ, పాటలు పాడుకుంటూ, ఊళ్లో సంగతులు గోడకు చెప్పినట్టు నాకు చెబుతూ ఉండేది. జవాబు రాకపోయినా ఆగేది కాదు.

ఆవిడ ప్రార్థన నాకు ఇప్పటికీ జ్ఞాపకం. నేను విననట్టు పడుకున్నా చెవులు మూసుకుపోలేదు గదా! శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లంతా "దీనికి స్వస్థత ఇయ్యి, మాట ఇయ్యి" అని గట్టిగా ప్రార్థించి వెళ్లిపోయాక, మా అత్త ఒక్కతే నెమ్మదిగా అనేది, "తండ్రీ, అందరూ నిన్ను పెద్ద పెద్దవి అడుగుతున్నారు. నేను చిన్నది అడుగుతున్నా. నా కోడలికి ఏదో ఒకటి తెలుసుకోవాలనిపించేలా చెయ్యి. పిచ్చి ప్రశ్నైనా సరే. నన్ను తిట్టేదైనా సరే. అది ఒక్కటి అడిగితే చాలు తండ్రీ, తక్కినవి నువ్వూ అదీ చూసుకోండి."

ఎన్నిసార్లు అలా ప్రార్థించిందో ఆవిడకే తెలియదు, దేవుడికే తెలుసు.

ఇక ఆ రోజు సంగతి. మిరపకోతలు చివరికొచ్చిన ఎండాకాలం. ఏసుపాదం మిరపకాయల బస్తాల లారీతో పాటు గుంటూరు యార్డుకు పోయాడు, మర్నాటికి గాని రాడు. పాలెంలో సగం మంది కోటయ్య గారి కల్లంలో తాలుకాయలు ఏరడానికి పోయారు. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగినట్టు ఎండ. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, ఆకు కదలడం లేదు, కాకి అరవడం లేదు. పడమర నుంచి మబ్బు లేచి వచ్చింది, మామూలు నలుపు కాదు, నలుపులో పచ్చదనం కలిసిందని తర్వాత అందరూ చెప్పారు. వడగళ్లు మొదలయ్యాయి. మా తాటాకు కప్పు మీద గులకరాళ్లు గుమ్మరించినట్టు చప్పుడు. మా అత్త చేట కింద పెట్టి, గుమ్మంలోకి వెళ్లి చూసి, ఒక్క అరుపు అరిచింది.

అప్పుడు ఒక మోత వినబడింది. దాన్ని ఎలా చెప్పాలి? మీలో పత్తిమిల్లులో పనిచేసిన వాళ్లుంటే తెలుస్తుంది, యంత్రాలన్నీ ఒకేసారి తిరుగుతుంటే పుట్టే హోరు ఉంటుందే, ఆ మిల్లు లేచి మన మీదికి నడిచొస్తే ఎలా ఉంటుందో అలా! మా అత్త పరుగెత్తుకొచ్చి నా మీద పడిపోయింది, తన ఒళ్లంతా నాకు కప్పి, "యేసయ్యా, యేసయ్యా" అంటూ మంచం కోళ్లు పట్టుకుంది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చినట్టయింది. నా చెవులు బిగుసుకుపోయాయి. వాసాలు కిర్రుమన్నాయి. మరుక్షణం మా కప్పు, వాసాలతో తాటాకుతో సహా, కుండ మీద మూత తీసినట్టు లేచిపోయింది!

సహోదరులారా, ఆ కుదుపులో నేను గోడవైపు నుంచి వెల్లకిలా తిరిగాను. ఏడాది తర్వాత మొదటిసారి పైకి చూశాను. కప్పు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది, ఆ ఆకాశం గుండ్రంగా తిరుగుతోంది, అందులో ఎర్రగా ఏవో తిరుగుతున్నాయి, తెల్లగా ఏవో తిరుగుతున్నాయి. చూస్తే అవి మిరపకాయలు! కల్లంలో ఆరబోసిన కాయలు గాలిలో గుంపు కట్టి, వాటి మధ్యలో పత్తి పింజలు, ఎవరిదో చేట, ఒక గోనెపట్టా రెక్కలు చాచి, అన్నీ కలిసి మా ఇంటి మీదుగా తిరునాళ్లకు పోతున్నట్టు పోతున్నాయి. భయపడాల్సిన సమయం అది. నాకు భయం వేయలేదు. నాకు ఏమనిపించిందో తెలుసా? ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయి అనిపించింది!

అంతలోనే మోత తూర్పుకు మళ్లి తగ్గిపోయింది. వాన చినుకులు ముఖాన పడుతున్నాయి. మా అత్త తల ఎత్తింది, నుదురు చిట్లి రక్తం కారుతోంది. నా నోరు తెరుచుకుంది. గొంతు తుప్పుపట్టిన గడియలా ఉంది, అయినా మాట వచ్చింది.

"అత్తా, మన కప్పు ఎటు పోయింది?"

ఆవిడ నన్ను చూసింది. తర్వాత నా రెండు బుగ్గలూ పట్టుకుని ఏడుపూ నవ్వూ కలిపి కేకలు పెట్టింది, "అడిగిందయ్యో! నా కోడలు అడిగింది! దేవునికి స్తోత్రం! అడిగిందే ఓ రాజమ్మా!" అని గోడ మీదుగా పక్కింటి వాళ్లకు చెబుతోంది. పక్కింటి రాజమ్మ వచ్చి, కప్పు లేని ఇంటిని, రక్తం కారుతున్న ముఖాన్ని, ఆ నవ్వును చూసి, "అయ్యో, సువార్తమ్మకు మతి పోయింది" అని తల బాదుకుంది.

ఆ గాలి చేసిన పనులు ఇప్పటికీ మా పాలెంలో చెప్పుకుంటారు. ఉప్పెన చూసిన ముసలివాళ్లు కూడా ఇలాంటిది చూడలేదన్నారు. ఉప్పెన గాలి అందరినీ ఒకేలా కొడుతుంది, ఇది అలా కాదు, మబ్బులో నుంచి ఏనుగు తొండంలా దిగి, తాడు తెంచుకున్న ఎద్దులా ఒక్క దారిన పోయింది. మా వరసలో ఇళ్ల కప్పులన్నీ లేచిపోయాయి, ఎదురు వరసలో చూరు తాటాకు కూడా కదల్లేదు. బడి మీది రేకులు చుట్టచుట్టుకుని చెరువుగట్టున పడ్డాయి. రాజమ్మ ఇంట్లో గోడ కూలింది గాని, ఆ గోడ పక్కనే ఉన్న మజ్జిగ ముంత మూత కూడా జారలేదు. ఒక కోడి ఈకలు సగం ఊడిపోయి వీధిలో దిమ్మెరపోయి నిలబడింది. కానీ నవ్వుకోవడానికే కాదు సహోదరులారా, రాజమ్మ వాళ్ల పాడిగేదె వాసం కింద పడి చచ్చిపోయింది, చాలామందికి కాళ్లకూ చేతులకూ దెబ్బలు తగిలాయి, రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్న గుడిసెలు నిమిషంలో నేలమట్టమయ్యాయి. ఏడుపులు, పిలుపులు, పిల్లల్ని వెతుక్కోవడాలు.

నేను లేచి నిలబడ్డాను. పట్టుకున్న గోడ తడిగా ఉంది.

"అత్తా, అది ఎటు పోయిందో చూసొద్దామా?"

మతి ఉన్న వాళ్లెవరైనా ఏమంటారు? ఇల్లు చూడు, సామాను చూడు అంటారు. మా అత్త నుదుటికి గుడ్డ కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, "పద నా తల్లీ, ఎటంటే అటు పోదాం" అంది. పాలెం వాళ్లు మమ్మల్ని చూసి, "ఇళ్లు కూలి మేమేడుస్తుంటే మీకు షికారు కావాల్సొచ్చిందా?" అని తిట్టారు కూడా. వాళ్ల తప్పేమీ లేదు.

దారి వెతకాల్సిన పనే లేదు. పత్తిచేల మధ్య బండి దారి వేసినట్టు పత్తికట్టె అంతా నేలకు పడుకుంది, అటూ ఇటూ మాత్రం నిలబడే ఉంది. నేను చూశాను, దారికి ఒక పక్క కట్టె తూర్పుకు తల పెట్టి పడుకుంది, ఇంకో పక్క కట్టె పడమరకు తల పెట్టి పడుకుంది. "అత్తా చూడు, ఇది పోతూ తిరిగింది, కవ్వం తిరిగినట్టు" అన్నాను. "అవునే" అంది ఆవిడ, చేను చూడటం లేదు, నా నోరే చూస్తోంది. గట్ల వెంట మిరపకాయలు ఎర్రగా జల్లినట్టున్నాయి. మా కప్పు తాటాకులు అక్కడక్కడ దొరికాయి. వాగు దగ్గర ఒక తుమ్మచెట్టు ముళ్లకు గుడ్డలు తగులుకుని ఉన్నాయి, ఎవరెవరివో, వాటిలో ఒకటి పసుపుపచ్చ నేత చీర ముక్క.

అది నా గ్రేసు ఉయ్యాల చీర. నా కంట పడకూడదని మా అత్త దాన్ని మడిచి చూరులో దోపి పెట్టిందట. నాకు తెలియదు. గాలి దాన్ని కప్పుతో పాటు లేపుకొచ్చి నా ముందు ముళ్లకు తగిలించింది.

అప్పుడు ఏడ్చాను సహోదరులారా. సమాధి దగ్గర రాని ఏడుపు ఆ తుమ్మచెట్టు కింద వచ్చింది. మా అత్త ఆపలేదు, ఊరుకోమనలేదు, నాతో పాటు మట్టిలో కూర్చుని ఏడ్చింది. ఏడ్చాక ఇద్దరం కలిసి చిరగకుండా ఒక్కో ముల్లు తప్పించి దాన్ని తీశాం. నడుముకు చుట్టుకున్నాను.

"ఇక ఇంటికి పోదామా అమ్మాయ్?" అంది మా అత్త.

పోవాల్సిందే. పొద్దు వాలుతోంది, నా కాళ్లలో సత్తువ లేదు. అయినా నాకు తెలుసుకోవాలనిపించింది. ఈ గాలి ఎక్కడ ఆగింది? పుట్టిన చోటు అందరూ చూశారు, చచ్చిన చోటు ఎవరు చూశారు? "ఇంకొంచెం అత్తా, ఆ పొగాకు బ్యారన్ దాకా" అన్నాను. ఆ "ఇంకొంచెం" అనిపించింది దేవుడే అని నేను నమ్ముతున్నాను.

వాగు దాటితే కోటయ్య గారి పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును కర్రలకు కట్టి లోపల వేడి మీద ఎండబెట్టే ఎత్తైన ఇటుకల గది. ఆ ఏటి ఆకు ఎండబెట్టడం అయిపోయింది, అక్కడ ఎవరూ ఉండే రోజులు కావు. రేకులన్నీ ఎగిరిపోయాయి, ముందుగోడ కూలి కుప్పపడింది, వెనకగోడ లోపలికి ఒరిగి నిలబడి ఉంది. "ఇక్కడ ఆగినట్టుందే" అంది మా అత్త. నేను చూస్తున్నది గోడను కాదు. గట్టు మీద ఒక ఇత్తడి క్యారేజి, మూత మూసినట్టే, నిలబెట్టినట్టే ఉంది.

"అత్తా, ఎవరూ లేని చోటికి అన్నం ఎవరు తెచ్చారు?"

మా అత్త ముఖం మారిపోయింది. ఇద్దరం కుప్ప దగ్గరికి పోయి పిలిచాం. ఇటుకల కింద నుంచి సన్నగా మూలుగు వినబడింది.

లోపల రత్తమ్మ గారున్నారు. బ్యారన్ బాగుచేసే మేస్త్రీకి అన్నం తెచ్చారట, అతను అప్పటికే వెళ్లిపోయాడు, వడగళ్లు పడుతుంటే ఆవిడ లోపలికి దూరారు. కోటయ్య గారు కల్లంలో కాయలు కాపాడుకుంటూ, భార్య ఇంట్లో భద్రంగా ఉందనుకున్నారు. ఇంట్లో వాళ్లు ఆవిడ కల్లంలో ఉందనుకున్నారు. ఎవరూ వెతకలేదు సహోదరులారా, వెతకాలని కూడా ఎవరికీ తెలియదు!

కర్రలూ ఇటుకలూ ఆవిడ తొడ మీద పడి ఉన్నాయి. నడుము పైన మాత్రం ఏమీ పడలేదు. ఇద్దరు ఆడవాళ్లం లాగితే కదిలే బరువు కాదు. మా అత్త లేచి, "నా కాళ్లు నీ కాళ్ల కంటే నయం, నేను పోయి మగవాళ్లను తీసుకొస్తా. ఆవిడ కళ్లు మూతలు పడుతున్నాయి, నిద్రపోనివ్వకు. మాట్లాడుతూ ఉండు" అంది. ఎవరికి చెబుతోంది చూడండి, మాట్లాడుతూ ఉండమని! చెప్పి గట్టు మీద పరుగెత్తింది.

నేను వంగి లోపలికి పాకాను. ఒరిగిన గోడ నా వీపు మీదే ఉన్నట్టుంది, దాని నుంచి మట్టి రాలుతోంది. రత్తమ్మ గారు కళ్లు తెరిచి, "ఎవరే అది?" అన్నారు.

"నేనమ్మగారూ, కరుణమ్మని."

"కరుణవా? నీకు నోరొచ్చిందా?"

"వచ్చిందమ్మా, ఇందాకే."

"ఇందాకేనా" అని ఆవిడ ఆ నొప్పిలోనే నవ్వబోయారు. మళ్లీ కళ్లు మూతలు పడ్డాయి. నేను భయంతో, "అమ్మగారూ, లోపలున్నప్పుడు గాలి ఎలా వినిపించింది?" అని అడిగాను. నోటికి వచ్చింది అదే. ఆవిడ కళ్లు తెరిచారు. "కుండలో తల పెట్టినట్టుందే. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. రేకులు పోతుంటే పైకి చూశా, నన్ను కూడా పీల్చుకుపోతుందనుకున్నా" అన్నారు. "పైకి చూస్తే ఏం కనబడింది?" అన్నాను. "మిరపకాయలే! నా కాయలే నా నెత్తిన తిరుగుతున్నాయ్!" అన్నారు. "నేనూ చూశానమ్మా" అన్నాను. అలా అడుగుతూ పోయాను. పొగాకు ఆకు ఎండితే బంగారం రంగు ఎందుకొస్తుంది, ఆవిడ పెళ్లికి ఏ ఊరి నుంచి బండ్లు వచ్చాయి, పిల్లల్లో ఎవరు ఎక్కువ ఏడిచేవాళ్లు. ఏడాదిగా నాలో అడగకుండా ఉండిపోయినవన్నీ ఆవిడను అడిగాను, ఒక చేత్తో ఆవిడ తల పట్టుకుని, ఇంకో చేత్తో అందిన ఇటుకలు తీసేస్తూ.

ఒకసారి గోడలో ఏదో కదిలిన చప్పుడైంది. "నువ్వు పోవే, బయటికి పో" అన్నారావిడ. నేను పోలేదు. ధైర్యం వల్ల కాదు, నా బిడ్డ చల్లబడుతున్నప్పుడు చెయ్యి వదలనట్టే ఆ చెయ్యీ వదలబుద్ధి కాలేదు. అప్పుడు ఏడాది తర్వాత ప్రార్థన చేశాను. గొప్ప ప్రార్థన కాదు. "ప్రభువా, నువ్వు ఇక్కడున్నావా?" అని పైకే అడిగాను.

కాసేపటికి రత్తమ్మ గారు, "ఏమన్నాడే మీ దేవుడు?" అన్నారు.

"ఇంకా ఏమీ అనలేదమ్మా."

"అంటాడులే. అడుగుతూ ఉండు" అన్నారావిడ.

అడుగుతూనే ఉన్నాను. అంతలో గట్టు మీద కేకలు వినబడ్డాయి. కోటయ్య గారు పంచె ఎగ్గట్టి ముందు పరుగెత్తుకొస్తున్నారు, వెనక ఊరివాళ్లు, పాలెం వాళ్లు, తమ ఇళ్లు కూలిన వాళ్లు కూడా, భుజాన బండి నొగలు, ఒక నులకమంచం వేసుకుని! నొగలు కిందికి దోపి అందరూ కలిసి "ఐసా" అని ఎత్తారు, ఎవరి చెయ్యి ఎవరి చేతి మీద ఉందో ఆ సాయంత్రం ఎవరూ చూసుకోలేదు. రత్తమ్మ గారిని మంచం మీద వేసి వాగు దాకా మోశారో లేదో, వెనకగోడ కూలిపోయింది. ఆ దుమ్ము చూసి కోటయ్య గారు నేల మీద కూర్చుండిపోయారు. ట్రాక్టరు మీద చిలకలూరిపేట ఆసుపత్రికి తీసుకెళ్లారు. తొడ ఎముక విరిగింది, చాలా నెలలు పట్టింది, కొంచెం కుంటుతారు గాని, దేవుని కృప వల్ల ఈ రోజుకీ నడుస్తున్నారు.

మర్నాడు పొద్దున ఏసుపాదం వచ్చాడు. పాలెం గాలికి పోయిందని పేట బస్టాండులోనే విన్నాడట, దారంతా పరుగే. వచ్చేసరికి కప్పు లేని ఇంట్లో నేను పొయ్యి ముందు కూర్చుని, రాజమ్మతో గేదె సంగతి మాట్లాడుతున్నాను. అతను గుమ్మంలో ఆగిపోయాడు. ఇంటివైపు చూడలేదు, పైకి చూడలేదు, నావైపే చూశాడు.

"ఏమయ్యా, అన్నం తిన్నావా?" అన్నాను.

బస్తాలు మోసే మనిషి సహోదరులారా, గట్టి మనిషి, అక్కడే గడపలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా అత్త కొడుకును చూసి, "ఒరేయ్, అడిగింది గదా, జవాబు చెప్పరా ముందు!" అని కసిరింది.

ఇప్పుడు మీలో కొందరికి ఒక ప్రశ్న ఉంటుంది. దేవుడు నీ కోసమే ఆ గాలి పంపాడా కరుణమ్మా అని. నేనూ అదే అడిగాను. నాకోసమే పంపితే రాజమ్మ గేదె ఎందుకు చచ్చింది? మా వరసలో వాళ్లు ఏం పాపం చేశారు? నా గ్రేసు జ్వరం రోజున వాగు ఎందుకు పొంగింది? అయ్యగారిని అడిగితే, ఆయన "నాకు తెలియదమ్మా. ఆయన్నే అడుగు" అన్నారు. ఆ జవాబు నాకు ఎంతో నచ్చింది. అడుగుతూనే ఉన్నాను. కొన్నిటికి జవాబు వచ్చింది, చాలావాటికి రాలేదు. కానీ ఒకటి మాత్రం నాకు తెలుసు. గాలిని ఎవరు పంపారో నేను చెప్పలేను గాని, గాలి పోయిన దారి వెంట నా చెయ్యి పట్టుకుని నడిపించింది ఎవరో చెప్పగలను. నా దేవుడు నా ప్రశ్నలకు కోప్పడి బయట నిలబెట్టే దేవుడు కాదు. అడిగే నోరు చచ్చిపోతే, ఆ నోటిని మళ్లీ బతికించే దేవుడు!

ఆయన మాకు తర్వాత ఇద్దరు పిల్లలను ఇచ్చాడు. గ్రేసు పోయిన లోటు వాళ్లు తీర్చారని అనను, ఏ బిడ్డ లోటు ఆ బిడ్డదే. ఆ లోటుతో కూడా బతకొచ్చునని, నవ్వొచ్చునని ఆయన నేర్పాడు. మా అత్త నిరుడు ప్రభువు దగ్గరికి వెళ్లింది. పోయే ముందు కూడా, "అక్కడికి పోయాక నువ్వడిగినవన్నీ కనుక్కుంటాలే" అంది. నవ్వుతూనే అంది.

సహోదరీలారా, మీలో ఎవరైనా నాలాగే నోరు మూసుకుపోయిన వాళ్లుంటే, మీ ఇంట్లో అలాంటి కూతురో కోడలో ఉంటే, వాళ్లను తాయెత్తుల దగ్గరికి లాక్కుపోకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి, విసుక్కోకండి, పక్కన కూర్చోండి. ప్రార్థన రాకపోతే ఒక్క ప్రశ్న వేయండి, చిన్నదైనా సరే, కోపంతోనైనా సరే, ఆయన వింటాడు. ఇదిగో, వెనక వరసలో, స్తంభం పక్కన, ఒక అమ్మాయి వచ్చినప్పటి నుంచి తల దించుకుని కూర్చుంది. ఆ బిడ్డను పాట పాడమనకండి, సాక్ష్యం చెప్పమనకండి, పేరు కూడా అడగకండి. అమ్మా, నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు. నేను మైకు అయ్యగారికి ఇచ్చేసి, వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

మూగదైన నాకు మాట ఇచ్చిన ప్రభువుకే మహిమంతా చెందును గాక. ఆమేన్.